గట్టు వారన చేపలు

చేపకి కూడా దురద పుడుతుందని ఆ డిసెంబరు దాకా నాకు తెలియదు.

మా అక్కావాళ్ల ఊరు ప్రత్తిపాడు దాటాక రోడ్డు దిగి లోపలికి వెళ్తే వస్తుంది. బావ మిరప రైతు. అక్క రోజూ బస్సెక్కి చిలకలూరిపేట వెళ్లి డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతుంది. పత్రికలో ఉద్యోగం మానేశాక చలికాలంలో కొన్ని వారాలు వాళ్లింట్లో గడపడం నాకు అలవాటయింది. గుంటూరులో పొద్దున్నే లేచినా చేసే పని ఉండదు. అక్కడైతే బావ వెనక చేలోకి వెళ్లవచ్చు.

ఆ ఏడు చేలోకి కాకుండా చెరువు మీదికి వెళ్లేవాళ్లం. బావకి ఉన్న భూమిలో రెండెకరాలు పల్లం. నల్లరేగడి, పైగా పల్లం కావడంతో నాలుగు వానలు గట్టిగా పడితే నీళ్లు నిలిచి మిరప వేళ్లు కుళ్లిపోయేవి. నల్ల తామరపురుగు వచ్చి పూత రాల్చేసిన సంవత్సరం తరవాత ఆయనకి ఆ చెక్క మీద విరక్తి పుట్టింది. పొక్లెయినుతో తవ్వించి, సాగర్ కాలువ నీళ్లు పెట్టి, శీలావతి చేపపిల్లల్ని వదిలాడు. కొన్ని బొచ్చెలు కూడా వేశాడు. చేపల పెంపకం ఆయనకి అదే మొదలు. ఊళ్లో ఇంకెవరికీ తెలియని పని. ఇది పోతే గుంట పూడ్చేసి మళ్లీ మిరపే వేస్తానని, చేపల మాట జన్మలో ఎత్తనని చెప్పేశాడు. అక్క మాత్రం ఈ చెరువు నిలబడాలని గట్టిగా కోరుకుంది. చెరువు మీదికి వెళ్లిన రోజున మందుల వాసన లేకుండా ఆయన ఇంటికి రావడం పెళ్లయ్యాక అదే మొదటిసారట.

చెరువులో గట్టుకి కాస్త లోపలగా వెదురు కర్రలు పాతి, వాటికి తవుడూ పత్తిగింజల చెక్కా కలిపిన సంచులు కట్టారు. సంచులకి చిల్లులుంటాయి. చేపలు వచ్చి ఆ చిల్లుల దగ్గర మూతి పెట్టి మేత లాక్కుంటాయి. అప్పుడు కర్రలు కొద్దిగా ఊగుతాయి. మేత అయిపోతే ఆగిపోతాయి.

నేను వెళ్లిన మర్నాడు పొద్దున పొగమంచు ఇంకా విడలేదు. గాలి లేదు. బావ గట్టుమీద నిలబడి వేలు చూపించాడు.

"చూడ్రా బామ్మర్దీ. సంచులు ఖాళీ. అయినా కర్రలు ఊగుతన్నయ్."

నిజంగానే ఊగుతున్నాయి. ఒకటి ఆగితే ఇంకొకటి. మధ్యమధ్యలో చేప నీళ్లలోంచి పైకెగిరి పక్కకి వాలి పడుతోంది. చూస్తుంటే నాకే ఒళ్లు జివజివలాడింది.

"ఆడుకుంటున్నాయేమో," అన్నాను.

"ఆటా పాటానా! గోక్కుంటన్నయ్. గేదె గోడకి ఒరుసుకోదూ, అట్టాగ."

ఆయన విసురు వల వేసి ఒక చేపని పట్టాడు. జారిపోకుండా భుజం మీది తువ్వాలుతో అదిమి పట్టుకున్నాడు. ఒంటిమీద అక్కడక్కడా తెల్లటి పొరలాంటిది తేలింది. రెక్కల అంచులు చీలికలయ్యాయి. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, కళ్లు చికిలించి చూశాడు. నడుం బెల్టుకి వేలాడే చిన్న కత్తెర తీసి తోక చివర కొంచెం కత్తిరించి నీళ్లలోకి వదిలాడు.

"అదెందుకు?"

"చూసినదాన్నే మళ్లీ చూడకుండా గుర్తు."

మిరప రైతుకి పొద్దున్నే చేలోకి వెళ్లి ఆకు తిరగేసి చూడటం పళ్లు తోముకోవడం లాంటిది. గట్టు వెంబడి మొదటి సాలులో నడుస్తూ పది మొక్కల ఆకులు తిరగేస్తే చేను సంగతంతా తెలిసిపోతుంది. పురుగు ముందు గట్టు వైపు నుంచే దిగుతుంది కాబట్టి అది సరైన పద్ధతే. బావ నలభై ఏళ్లుగా చేస్తున్నది అదే. చెరువు వచ్చాక ఆకు బదులు చేపని తిరగేస్తున్నాడు.

ఆ సాయంత్రం రెండు చేపల్ని బకెట్లో ఇంటికి తెచ్చాడు. అక్క కాలేజీ నుంచి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా, తెల్లటి పింగాణీ పళ్లెంలో నీళ్లు పోసి చేపని అందులో పెట్టి భూతద్దంతో చూసింది. నాకూ చూపించింది. రెక్క మీద నూలుపోగు తుంపుల్లాంటివి. ఒక కొస చర్మానికి అతుక్కుని ఉంది. రెండో కొస ఊరికే ఉండదు. చాచి, తడిమి, ముడుచుకుని, మళ్లీ చాచి, ఎటు పోదామా అని వెతుకుతున్నట్టుంది.

"చర్మపు పురుగు. వెనకాల కొక్కేలుంటాయి, వాటితో పట్టుకుంటుంది," అంది అక్క. "గుడ్లు పెట్టదు, పిల్లనే కంటుంది. ఆ పిల్ల పుట్టేటప్పటికే దాని కడుపులో ఇంకో పిల్ల తయారవుతూ ఉంటుంది."

"పుట్టకముందే కడుపా!" అని బావ తలపట్టుకున్నాడు. "మరింక ఆలోచనేంది? రేపే మందు తెస్తా."

"ఏం మందు?"

"మందుల కొట్టాయన చెప్పాడులే. మిరపకి కొట్టేదే, మోతాదు తగ్గించి నీళ్లలో కలపమన్నాడు."

అక్క భూతద్దం కింద పెట్టింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె పెరట్లో సిమెంటు తొట్లు పెట్టి గప్పీ చేపల్ని పెంచింది. దోమపిల్లల్ని తింటాయని నీళ్లతొట్లలో వేస్తారే, ఆ చిన్న చేపలు. వాటిమీద ఇలాంటి పురుగుల్నే ఏళ్ల తరబడి చూసింది. ఆ రోజు మాకు చెప్పింది అప్పుడు కళ్లారా చూసిన సంగతే.

"చేప ఊరుకోదండీ. ఒంటిమీద జిగురుంది చూశారా, దాని బలమంతా అందులోనే. పురుగు పట్టిన కొద్ది రోజులకి ఆ జిగురు మారుతుంది. పురుగుకి పడనిది అందులోకి వస్తుంది. అప్పుడు ఉన్నచోట ఉండలేక అది కదలడం మొదలుపెడుతుంది. ఒంటిమీది నుంచి తోకకి జరుగుతుంది. అక్కడా కుదరకపోతే పట్టు వదిలేస్తుంది."

"వదిలేసి చస్తదా?"

"కొన్ని చస్తాయి. కొన్ని అడుక్కి పడి, పక్కనుంచి పోయే ఇంకో చేపని పట్టుకుంటాయి."

"బాగుంది! మనింట్లో తరిమితే పక్కింట్లో దూరిందన్నమాట."

"ఆ పక్క చేప కూడా కొన్నాళ్లకి తిరగబడుతుంది. అన్నీ ఒకేలా కాదు. కొన్ని తట్టుకోలేక చస్తాయి, అది కూడా చూశాను. కానీ మందు పోశారనుకోండి, ఆ ఘాటుకి చేప బెదిరిపోతుంది. బెదిరిన చేపకి జిగురులో బలం ఉండదు. ఇప్పుడు చలికి అసలే నెమ్మదిగా ఉంది. నాలుగు రోజులు ఎండ పడనివ్వండి."

"నీ గప్పీలు తొట్లో ఉన్నయ్యే," అన్నాడు బావ. "ఇది రెండెకరాల చెరువు."

అక్క పళ్లెంలోని చేపని మళ్లీ బకెట్లోకి వదిలింది. గప్పీకి జరిగింది శీలావతికి కూడా జరుగుతుందని ఆమె కూడా ప్రమాణం చేసి చెప్పలేదు కదా. "పురుగులు తోకవైపు జరుగుతున్నాయో లేదో చూద్దాం. జరుగుతుంటే ఆగుదాం. లేకపోతే మీ ఇష్టం," అంది చివరికి.

ఆ మాట మీద మా ఇంట్లో నిలకడ పోయింది.

బావ చీకటి విడకముందే లేచి బూట్లు వేసుకునేవాడు. కాఫీ సగం తాగి గ్లాసు వదిలేసేవాడు. గట్టుమీద నడుస్తూ, కర్రల వంక చూస్తూ, వల విసిరి, చేపని తువ్వాలుతో పట్టి, తిప్పి, చూసి, వదిలి, మళ్లీ విసిరేవాడు. మిరప మొదటి కోతకి వచ్చింది, కూలీలు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. ఆయన ధ్యాస అక్కడ లేదు. నాకూ అదే అంటుకుంది. పేపరు తెరిస్తే అక్షరాలు కనిపించేవి, వార్త ఎక్కేది కాదు. ఎక్కడ ఏది ఊగినా చెరువు గుర్తొచ్చేది.

పక్క చేను రైతు మోటారు దగ్గరికి వస్తూ పోతూ మమ్మల్ని వదిలేవాడు కాదు.

"ఏందన్నా, చేపలకి పేలు చూస్తన్నావా? దువ్వెన తెమ్మంటావా?"

"నీ తల సంగతి చూసుకో ముందు, దువ్వెనకి పని లేదక్కడ," అనేవాడు బావ, వల మీది నుంచి చూపు తిప్పకుండానే.

"మందు కొట్టవయ్యా అంటే వినవు. ఒదిన మాట వింటే చేపలు కాదు, చేప బొమ్మలు మిగుల్తయ్ నీకు."

ఆ ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు చెప్పుకునే వేళ బావ లేచి నిలబడ్డాడు. సాధారణంగా జ్వరాలూ, పిల్లల పరీక్షలూ చెప్పుకుంటారు. ఆయన, "మా చెరువు కోసం ప్రార్థన చెయ్యండి, చేపలకి ఒంట్లో బాగలేదు," అన్నాడు. ఆడవాళ్ల వైపు నుంచి నవ్వు వినిపించింది. పాస్టరుగారు మాత్రం నవ్వలేదు. చేపల్నీ జ్ఞాపకం చేసుకుని ప్రార్థించారు. బావ ఆమెన్ అందరికంటే గట్టిగా చెప్పాడు. అది పూర్తికాకుండానే చెప్పులు వెతుక్కుంటూ బయటికి నడిచాడు.

ప్రతి సాయంత్రం బకెట్లో చేపలు వస్తూనే ఉన్నాయి. అక్క చూసేది. పురుగులు తోకకి జరగలేదు. ఒంటినిండా ఉన్నాయి, రెక్కల మొదళ్లలో ఉన్నాయి, రోజురోజుకీ ఎక్కువవుతున్నాయి. గట్టు వారన రెండు చేపలు వెల్లకిలా తేలాయి.  అక్క భూతద్దం పట్టుకున్నంతసేపూ పెదవి కొరుక్కుంటూ ఉండేది. కొత్త సంవత్సరం వచ్చి వెళ్లింది. వరండాలో కట్టిన క్రిస్మస్ నక్షత్రం తీసే తీరిక కూడా ఎవరికీ లేకపోయింది.

ఒక సాయంత్రం అక్క పళ్లెం పక్కకి జరిపి, "సరే, తెప్పించండి మందు. నేను అనుకున్నట్టు కావట్లేదు," అంది.

బావ ఏదో గెలిచినట్టు అనుకుంటాడని చూశాను. అనుకోలేదు. "అంతేనంటావా?" అన్నాడు మెల్లిగా. మందు డబ్బాలు అప్పటికే వచ్చి ఉన్నాయి. ఆయన వాటిని వరండా మూల గోనెపట్టా కింద పెట్టాడు, అక్కకి కనపడకుండా. ఆ గోనెపట్టా మీదే ఆమె రోజూ బ్యాగు పెట్టేది.

పొద్దున్నే మందు కలపాలనుకున్నారు. అక్క ఆ రోజు సెలవు పెట్టి తను కూడా చెరువు మీదికి వస్తానంది. అప్పటిదాకా ఆమె చేపల్ని పళ్లెంలోనే చూసింది. బావ పట్టడం చూడలేదు, కాలేజీ బస్సూ, ఆదివారాలైతే చర్చీ పొద్దున్నే కావడంతో.

మందు కలిపేముందు ఆఖరుసారి చూద్దామని బావ వల వేశాడు. చేపని తువ్వాలుతో నొక్కిపట్టి, "ఇదిగో, చూడు," అని చాచాడు. అక్క చేపని చూడలేదు. తువ్వాలుని చూసింది.

"రోజూ దీంతోనేనా పట్టేది?"

"మరి? జారదూ?"

"దాని జిగురంతా తుడిచేస్తున్నారండీ!"

ఆయన చేపనీ తువ్వాలునీ మార్చి మార్చి చూశాడు. తువ్వాలు అట్టకట్టినట్టుంది. అక్క చేతులు నీళ్లలో ముంచి, తడిచేతుల్తో చేపని అందుకుని, తోక దగ్గర ఆగింది.

"ఈ తోక కోసింది ఎవరు?"

"నేనే. చూసినదానికి గుర్తు. ఎప్పుడో కోసిందే అది."

"నిన్న బకెట్లో వచ్చినవాటికి కూడా తోకలు ఇలాగే ఉన్నాయి. మొన్నటివాటికీ. పురుగులు కొరికి చీలాయనుకున్నా." ఆమె గొంతు పెరిగింది. "ఏమండీ, మీరు చెరువంతా చూడట్లా. పట్టినవాటినే మళ్లీ మళ్లీ పట్టుకుంటున్నారు."

"పట్టినవి పట్టకూడదనే గదా కోసింది!" అన్నాడు బావ. కోసిన తర్వాత తోక చూసి వదిలేయాలన్న సంగతి ఆయనకి తట్టలేదు. లేదా తట్టినా, వలలో పడ్డదాన్ని ఊరికే వదల్లేక మళ్లీ తిరగేశాడు. ఒంట్లో బాగా లేని చేపలు లోతుకి పోలేక గట్టు వారనే తచ్చాడతాయి. ఆయన వల పడేదీ అక్కడే. పట్టినప్పుడల్లా తువ్వాలుతో జిగురు పోతోంది, బెదురు వేరే. పురుగుకి అంతకంటే ఏం కావాలి? వాటినే మేము రోజూ ఇంటికి తెచ్చి, చెరువంతా ఇలాగే ఉందని బెంగపడ్డాం. మిరప మొక్కయితే ఎక్కడ నాటింది అక్కడే ఉంటుంది. గట్టు సాలు చూస్తే చాలు.

"అవతలి లోతులో పట్టండి," అంది అక్క. "తువ్వాలు నాకిచ్చి."

తెప్ప లాంటిదేమీ లేదు. పక్క చేను రైతుని కేకేస్తే లారీ ట్యూబు తెచ్చాడు. "ఈ వయసులో ఈతలేంటన్నా, పోతే ఒదినకి నేనేం చెప్పాలా?" అంటూనే తనూ దిగాడు. ఇద్దరూ ట్యూబు పట్టుకుని మధ్యలోకి వెళ్లి, చలికి పళ్లు టకటకలాడుతుండగా వల విసిరారు. వచ్చినవాటిని నీళ్లలోంచి తీయకుండా, వలతోనే ఒడ్డుకి లాక్కొచ్చారు.

నిండు తోకల చేపలు. ఒళ్లు నున్నగా మెరుస్తోంది. అక్క ఒక్కొక్కదాన్నీ నీళ్లు నింపిన పళ్లెంలోకి తీసి, భూతద్దం దగ్గరికి వంగి చూసింది. మేం ముగ్గురం ఆమె మొహం చూస్తున్నాం. ఒంటిమీద పురుగులు లేవు. రెక్కల మొదట్లో ఒకటీ అరా. తోక చివరి అంచున మాత్రం కొన్ని, ఇక వెళ్లడానికి చోటు లేనట్టు, నీళ్లలోకి చాచుకుని ఊగుతున్నాయి. ఇంకో చేప, ఇంకోటి. ఒకదాని మీద మాత్రం ఒళ్లంతా ఉన్నాయి. అక్క అది కూడా చూపించింది, దాచలేదు.

"ఎంతమంది తట్టుకుంటారో నాకు తెలీదు," అంది, చేపల్ని మనుషుల్లాగా. "కానీ తిరగబడటం మాత్రం మొదలుపెట్టాయి."

బావ వణుకుతూ గట్టుమీద కూర్చున్నాడు. తుడుచుకోవడానికి తువ్వాలు కోసం భుజం తడుముకున్నాడు. అది అక్క చేతిలో ఉంది.

మందు ఆ రోజు కలపలేదు. అలాగని పారెయ్యనూ లేదు. వల ఇంట్లో అటక మీదికెక్కింది. అక్క ఆయనకి పెట్టిన షరతు ఒకటే, చెరువు మీదికి రాకూడదు. అంతకంటే కఠినమైన శిక్ష ఆయనకి మరొకటి లేదు. మిరప కోతల దగ్గర నిలబడి కూలీలతో మాట్లాడుతూనే మెడ తిప్పి పల్లం వైపు చూసేవాడు. "నువ్వు పోయి చూసి రారా," అని నన్ను తరిమేవాడు. వెళ్లి దూరం నుంచి చూసి వచ్చి, సంచులు ఖాళీ అయినా కర్రలు ఊగుతున్నాయని చెబితే మొహం ముడుచుకునేది. గట్టు వారన అడపాదడపా చేప తేలుతూనే ఉంది. వాటిని నేనూ పక్క చేను రైతూ తీసి దూరంగా పాతిపెట్టేవాళ్లం. ఆ రైతు కూడా ఎగతాళి మానేశాడు. తేలిన చేపలన్నిటి తోకలూ కోసినవే. బావకి ఆ మాట చెప్పవద్దని అక్క అంది. ఆయన అడగలేదు.

జనవరి చివరికి మంచు పలచబడి, పదింటికల్లా ఎండ చురుక్కుమనసాగింది. ఒకనాడు నేను వెళ్లేసరికి కర్రలు కదలడం లేదు. ఒక్కటి కూడా. నీళ్లు అద్దంలా ఉన్నాయి. నేను పరుగెత్తలేదు గాని పరుగులాంటి నడకతోనే చేలోకి వెళ్లి చెప్పాను. బావ చేతిలోని కాయలు కింద పడేశాడు.

"చచ్చినయ్యా?"

"తెలీదు. కదలడం లేదు."

ఆయన షరతు మర్చిపోయి పరుగెత్తాడు. గట్టెక్కి నిలబడి నీళ్లలోకి తొంగి చూశాడు. ముందురోజు నేను నింపిన సంచుల్లో మేత రాత్రే అయిపోయింది. ఆయన కొత్త సంచి నింపి, మోకాలి లోతు దిగి కర్రకి కట్టి, వెనక్కి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.  కాసేపటికి సంచి కదిలింది. లోపల్నుంచి ఎవరో మెల్లిగా లాగుతున్నట్టు, ఆగి ఆగి. ఒరుసుకోవడం కాదది, తినడం. బావ గబుక్కున నా మెడ పట్టుకుని ఊపాడు. "తింటన్నయ్ రా, ఎదవల్లారా, తింటన్నయ్!"

ఇది మంచి కబురుగా ముగిసేదే. కానీ ఆయన అప్పటికే ఇంకో పని చేసి ఉన్నాడు. చచ్చినవాటి స్థానంలో వెయ్యడానికి చేపపిల్లలు కావాలని, మాకెవరికీ చెప్పకుండా ఫోన్లో మాట్లాడేశాడు. కొన్ని రోజుల తర్వాత, అక్క కాలేజీలో ఉండగా, డ్రమ్ములతో వ్యాను వచ్చి గట్టు పక్కన ఆగింది. డ్రమ్ముల్లో నీళ్లు, గాలి గొట్టాలు, వేలెడంత పిల్లలు కిటకిటలాడుతున్నాయి. బావ చెయ్యి పెట్టి తీశాడు, తడిచేత్తోనే. అరచేతిలో అది మెలికలు తిరిగింది.

అక్కకి ఫోన్ చేశాం. క్లాసులో ఉంటే ఎత్తదు. ఎత్తలేదు.

"దింపమంటారా?" అన్నాడు డ్రైవరు. "ఎండెక్కుతోంది, పిల్లలు ఆగవు."

బావ గట్టుమీద అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేశాడు.  

"లోపలున్నవాటికి పురుగు తెలుసు," అన్నాడు, నాతోనో తనతోనో. "ఈటికి తెలవదు. తోకల చివరెక్కి కూర్చున్నయ్యి అన్నీ ఈటి మీదికి దూకుతయ్ గదా?"

"అక్క అదే చెప్పింది కదా. పడితే ఇంకోదాన్ని పట్టుకుంటాయని."

"ఇయ్యి తిరగబడేలోపు సగం పోతయ్. మళ్లీ కర్రలు ఊగుతయ్." ఆయన చేతిలోని పిల్లని డ్రమ్ములోకి జారవిడిచాడు. "తీసుకుపోవయ్యా. పక్కూళ్లో ఎవరో అడిగారన్నావుగా, ఆళ్లకి దింపు. వచ్చినందుకు డీజిలు నేనిస్తా."

"ఏందండీ ఇది, పెళ్లికూతుర్ని చూసి పీటల మీద వద్దన్నట్టు!" డ్రైవరు కోపంగా తలుపు వేశాడు. "చెరువు ఖాళీగానే ఉందిగా."

"ఖాళీగా లేదు," అన్నాడు బావ.

వ్యాను వెళ్లిపోయాక కూడా ఆయన రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాడు. మంచిపని చేశానో తప్పు చేశానో తేల్చుకోలేని మనిషి మొహం. అక్క సాయంత్రం చెబుతుందిలే అన్నాను. సాయంత్రం దాకా ఎట్టా ఆగాలిరా అని, బండి తాళాలు తీసుకుని చిలకలూరిపేట బయల్దేరాడు.